గ్రౌండు లేని కాలేజీల కూటమి

మహబూబాబాద్‌లోని ఒక చిన్న డిగ్రీ కాలేజీలో ఆటలు నేర్పే జమ్లీ మేడంకి విజిల్ అవసరం పడదు. ఆమె ఒక్క కేక వేస్తే రోడ్డవతల చాయ్ బండి దగ్గరున్న పిల్లలు కూడా పరుగెత్తుకొస్తారు. తండాలో పుట్టి, ఖోఖో ఆడి, ఆ ఆటతోనే ఉద్యోగం సంపాదించుకున్న మనిషి.

ఆమె చదువుకునే రోజుల నుంచీ ఈ చుట్టుపక్కల కాలేజీలు కలిసి ఏటా పోటీలు పెట్టుకునేవి. దాన్ని అందరూ కూటమి అనేవారు. జనగామ వైపు నాలుగైదు కాలేజీలతో మొదలైంది. తర్వాత మహబూబాబాద్ చేరింది, ఆ తర్వాత బొగ్గుగనుల ఊరు భూపాలపల్లి. ఒక్క జిల్లా ముక్కలై కొత్త జిల్లాలు వచ్చినప్పుడు కొన్ని కాలేజీలు తప్పుకున్నాయి. వాటి స్థానంలో సొంత బస్సులూ పెద్ద భవనాలూ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చాయి. వాటి వెంటే కొత్త నిబంధనలూ వచ్చాయి.

ఒక ఏడు జనగామ మీటింగులో కూటమి కార్యదర్శి, జనగామ కాలేజీ ఆటల మాస్టారు సురేందర్ లేచి, సొంత గ్రౌండు లేని కాలేజీలకు ఇక సభ్యత్వం ఉండదని చెప్పాడు. జమ్లీ కాలేజీ పోయింది. భూపాలపల్లి కాలేజీ పోయింది. లింగాల ఘనపూర్‌లో కొత్తగా పెట్టిన కాలేజీ కూడా పోయింది.

జమ్లీ నిలబడింది. "సార్, ఈ కూటమి పుట్టిననాడు మీ కాలేజీకి గ్రౌండు ఏడున్నది? రైలు పట్టాల పక్కన ఖాళీ జాగల ఆడిన్రు గదా?"

"అప్పటి ముచ్చట వేరు మేడం. మీ టీములైతే సగం రావు. పిల్లలు కూలికి పోయిన్రు, వలస పోయిన్రు అంటరు."

"వచ్చిన సగం మందే నిరుడు మీ టీమును ఓడగొట్టిన్రు సార్. యాద్ మర్చిపోయిన్రా?"

ఎవరో నవ్వారు. సురేందర్ నవ్వలేదు. చేతులెత్తమన్నాడు, ఎక్కువ చేతులు లేచాయి. జమ్లీ సంచి భుజాన వేసుకుని బయటికి నడిచింది.

భూపాలపల్లి కాలేజీలో ఆటల మాస్టారు ఐలేశ్ ఆమె వెనకే వచ్చాడు. "ఎందుకక్కా లొల్లి? వచ్చే ఏడు బతిమిలాడుదం."

"బతిమిలాడేదేం లేదు తమ్మీ. తీసేసినోళ్లమంతా కలిసి ఆడుదం. మనది మనమే పెట్టుకుందం."

చెప్పినంత తేలిక కాదది. యూనివర్సిటీ జట్టుకు ఆటగాళ్లను ఎంచేవాళ్లు పాత కూటమి పోటీలకే వస్తారు. జమ్లీ జట్టు కెప్టెన్ స్వాతికి ఆ జట్టులో చోటు ఖాయమని అందరూ అనుకుంటున్న ఏడాది అది. సురేందర్ ఫోన్ చేసి, స్వాతి ఒక్కతే తమ కాలేజీలో చేరితే ఆడిస్తామన్నాడు. జమ్లీ ఆ మాట దాచలేదు.

"పోతవా బిడ్డా? పోతే నేనేమనుకోను. ఇది నీ బతుకు."

స్వాతి కాసేపు బూటు లేసు విప్పుతూ కడుతూ కూర్చుంది. "నన్నొక్కదాన్ని తీస్కపోయి, మావోళ్లను ఇంటికాడ కూసోమంటరా? నేను పోను మేడం."

ఆ పిల్ల వెళ్లాక జమ్లీ పోటీల తేదీ ఖాయం చేయడానికి ఐలేశ్‌కి ఫోన్ చేసింది.

పోటీలకు ఊరి చివర ఒక ఆసామి చేను ఇస్తానన్నాడు. తీరా రెండు రోజుల ముందు ఇవ్వనన్నాడు. ఎవరు చెప్పారో, ఏం చెప్పారో తెలియదు. జమ్లీ బస్సెక్కి తండాకు పోయింది. తమ్ముడు దేవ్‌సింగ్ అప్పుడే వరి కోయించి ఉన్నాడు. మడి ఖాళీగా ఉంది కానీ నిండా కోసిన వరి కొయ్యలు. దేవ్‌సింగ్ ట్రాక్టరు తెచ్చి చదును చేశాడు. వాళ్లమ్మ సక్రి తండా ఆడవాళ్లను వెంటబెట్టుకొచ్చి, మిగిలిన కొయ్యలను పారలతో చెక్కించి ఏరించింది.

"మంచిగ ఏరుండ్రి," అని కేకలేసింది సక్రి. "ఆడపిల్లలు ఉరుకుతరు. కాళ్లల్ల కుచ్చుకుంటే మన తండా పరువు పోతది."

పోటీల నాడు మూడు కాలేజీలే వస్తాయనుకుంటే రేగొండ నుంచి పిలవని జట్టు ఒకటి ఆటోలో దిగింది. వాళ్ల మాస్టారు మొహమాటపడుతూ, "మమ్ముల గూడ చేర్చుకుంటరా మేడం? మాకు గ్రౌండు లేదు," అన్నాడు.

"గ్రౌండున్నోళ్లకే ఇక్కడ జాగ లేదు," అంది జమ్లీ. తండా అంతా నవ్వింది.

ఫైనల్లో స్వాతి జట్టు భూపాలపల్లి చేతిలో ఓడిపోయింది. ఐలేశ్ గంతులేశాడు. జమ్లీ అతణ్ని తిట్టింది, తర్వాత చాయ్ తాగించింది.

ఆ ఏడు యూనివర్సిటీ జట్టులో స్వాతి పేరు లేదు. జమ్లీ వెళ్లి ఎంపిక చేసేవాళ్లను నిలదీసింది. నిబంధనలన్నారు. ఏమీ మారలేదు. ఆ కోపం ఆమెకు ఇంకా చల్లారలేదు.

మరుసటి ఏడాది ఒక్కో కాలేజీ ఇటు జరగడం మొదలైంది. రఘునాథపల్లి వచ్చింది. అటు ఇంజనీరింగ్ కాలేజీలు ఆడపిల్లల జట్లను పంపడమే మానేశాయి. పాత కూటమిలో అమ్మాయిల ఖోఖోకు సరిపడా జట్లు మిగల్లేదు. చివరికి సురేందరే మహబూబాబాద్ వచ్చాడు.

"మీ కాలేజీని మళ్ల తీసుకుంటం మేడం. మిగితావోళ్ల సంగతి తర్వాత సూద్దం."

"మిగితావోళ్లను ఇడిసి నేనెట్ల వస్త సార్? అందరిని తీసుకోండ్రి. పోటీలు ఒక్క జనగామలనే గాదు, ఏడాదికో ఊర్ల పెట్టుండ్రి. లేకుంటే మీరే మా దాంట్ల చేరుండ్రి. కాయితం రాసిస్తే చాలు, గ్రౌండు గూడ అడగం."

సురేందర్ మొహం ఎర్రబడింది. "ఇంత మొండితనం పనికిరాదు మేడం."

"మొండితనమే మాకింత జాగ ఇచ్చింది సార్. చాయ్ తాగిపోండ్రి."

ఆయన తాగకుండానే వెళ్లిపోయాడు. ఈ ఏడు పోటీలు భూపాలపల్లిలో. బొగ్గు లారీలు పోయే రోడ్డు పక్కన ఐలేశ్ గీతలు గీయిస్తున్నాడు. స్వాతి ఇప్పుడు ఆటల టీచరయ్యే చదువు చదువుతోంది, రిఫరీగా వస్తానంది.