నిలబడమంటే లేచాను

పోయిన అక్టోబరు చివరి శనివారం. విదేశంలో, నోవై అనే ఊళ్లో మా అమ్మాయి ఇంట్లో ఉన్న నన్ను, డెబ్బై రెండేళ్లదాన్ని, మనవరాలు మేఘన మూడు గంటల నలభై నిమిషాలు డ్రైవ్ చేసి ఒక సరస్సులో కయాకింగ్‌కు, అంటే సన్నటి తెడ్డు పడవలో తిరగడానికి, తీసుకెళ్లింది. నాతో తెలుగులోనే మాట్లాడాలని, ఇంగ్లీషులో మాట్లాడితే జవాబివ్వనని దానికి నేను నియమం పెట్టాను.

ఐదు డిగ్రీల చలి. సరస్సు మీద మేము తప్ప మనిషి లేడు. లైఫ్ జాకెట్లు వేసుకుని కయాక్‌లో నేను ముందు, అది వెనక కూర్చున్నాం. తిరిగి ఒడ్డు దగ్గరికి వస్తుండగా బాతులను చూడాలని పక్కకు వంగాను. పడవ ఊగింది.

"అమ్మమ్మా, నిలబడు" అని అరిచింది.

ఎందుకో అనుకుంటూనే లేచి నిలబడ్డాను. ఇద్దరం నీళ్లలో పడ్డాం. చలికి ఊపిరాడక "హెల్ప్, హెల్ప్" అని అరిచాను.

మేఘన నా చెయ్యి పట్టుకుంది. "భయపడకు అమ్మమ్మా. కాళ్లు కింద పెట్టు, నేల ఉంది."

నీళ్లు నడుము దాకానే ఉన్నాయి.

కారులో హీటర్ పెట్టుకున్నాక, "నిలబడమన్నావెందుకే?" అని అడిగాను.

"స్టే స్టిల్ అంటే అదే కదా?"

"కాదు. కదలకు అనాలి."

"ఓకే. నువ్వు ఇంగ్లీషులో హెల్ప్ అన్నావ్ కదా, నేను జవాబు ఇవ్వకూడదా మరి?"

నవ్వబోతే పళ్లు టకటకలాడాయి. ఇంటికి వచ్చాక గుర్తు చేసుకుంటే, ఆ నీళ్లలో అది నాకు ధైర్యం చెప్పిన తెలుగులో ఒక్క తప్పూ లేదు.