గోలీల వేడి

రాష్ట్రం రెండు ముక్కలు కావాలా వద్దా అన్న దగ్గర ఒక్క మాటా కలవని ఇద్దరు ఆడవాళ్ళకు, కడుపు రాకుండా మింగే గోలీలు ఆపేశాక కూడా ఏడాదిదాకా కడుపు పండదన్న మాట మాత్రం అచ్చు గుద్దినట్టు ఎట్లా కలిసింది? ఒకామెది తెనాలి, ఇంకొకామెది దేవరకొండ పక్కన చిన్న పల్లె. ఆ మాట ముందు ఎవరి నోట పుట్టి ఎవరి చెవిన పడిందో, ఇన్నేళ్ళయినా జవాబు దొరకలేదు.

ఆ ఇద్దరి నడుమా నలిగిన మనిషి యాదలక్ష్మి. ఎల్బీనగర్‌లో ఒక మేడ కింది భాగంలో రెండు గదుల కిరాయి ఇల్లు. భర్త తిరుపతి ఆర్టీసీ డ్రైవరు. అత్త ఈరమ్మ ఆ దేవరకొండ పల్లె విడిచి కొడుకు దగ్గరే ఉంటోంది. మేడ మీద ఇంటి ఓనరు విశ్వేశ్వరరావు, ఆయన భార్య ఉదయలక్ష్మి, తెనాలివాళ్ళు. యాదలక్ష్మి దిల్‌సుఖ్‌నగర్ చీరల కొట్లకు ఫాల్స్ కుట్టిచ్చేది. మిషను ముందు కూర్చుంటే పక్కన పిడుగు పడ్డా తల ఎత్తేది కాదు. నోరు పెద్దది కాదు. ఇంట్లో ఎవరో ఒకరు తన తరఫున మాట్లాడేస్తుంటే, సరేలెమ్మని సూదిలో దారం ఎక్కించుకునేది.

మొదటి బిడ్డ ఆపరేషన్‌తో పుట్టింది. మళ్ళీ కడుపుకు ఎడం ఉండాలని దవాఖాన నర్సమ్మ గోలీల అట్ట చేతిలో పెడితే, రాత్రి అన్నం తిన్నాక రోజూ ఒకటి మింగేది. ఆ పిల్ల బడికి పోయే ఈడుకొచ్చాక ఇంకొకరు కావాలని మొగుడూ పెళ్ళాలిద్దరికీ అనిపించింది. అప్పుడే సకల జనుల సమ్మె మొదలైంది. బస్సు డిపోలో ఆగిపోయింది, తిరుపతి ఇంట్లో ఆగిపోయాడు. అట్ట అయిపోతే యాదలక్ష్మి మళ్ళీ తెచ్చుకోలేదు.

సమ్మె అయిపోయి బస్సులు రోడ్డెక్కాక యాదలక్ష్మికి నెల తప్పింది. కొత్తపేట పండ్ల మార్కెట్ మీదుగా పోతుంటే జామపండ్ల వాసనకు కడుపులో తిప్పేది. పెద్దదాని వేళకూ అంతే. ధైర్యం చేసి అత్తతో అంది:

"అత్తమ్మా, నాకు మొదటిసారి లెక్కనే ఉంది."

"ఏంది మొదటిసారి లెక్క? నిన్నగాక మొన్న గోలీలు ఇడిస్తివి. కడుపుల గా వేడి చల్లారొద్దా? ఏడాది పడ్తది. గోలీల వేడికి నెత్తురు ఎండి ఆగిపోయింది, గంతే."

మెట్ల మీద కూర్చుని కరివేపాకు దూస్తున్న ఉదయలక్ష్మి చెవిన పడిందా మాట. గేటుకు ఈరమ్మ కట్టిన ఉద్యమం జెండాను, రంగులు వేయించాలంటూ విశ్వేశ్వరరావు విప్పించిన దగ్గర్నుంచీ ఇద్దరు ఆడవాళ్ళకూ మాటల్లేవు. ఆ రోజు మాత్రం ఉండబట్టలేకపోయింది.

"ఆవిడ చెప్పింది నిజమేనమ్మాయ్. ఆ బిళ్ళలు గర్భసంచిలో అడుగంటుకుపోతాయట. మా తోటికోడలు మానేసి రెండేళ్ళయింది, ఇంకా లేదు."

"ఇనవడ్డదా? ఓనరమ్మ సుత అదే అంటుంది!" ఈరమ్మకు బలం వచ్చింది. "మా ఊర్ల మంత్రసాని సైదమ్మ ఉంది. ఆమె పొడి కాచుకొని తాగితే ఎండినదంతా కడిగినట్టు పోతది."

యాదలక్ష్మి మిషను దగ్గరికి పోయి కూర్చుంది. తన ఒంట్లో సంగతి తనకు తెలుస్తూనే ఉంది. కానీ పెద్దవాళ్ళిద్దరు, అదీ ఒకరి పొడ ఒకరికి గిట్టనివాళ్ళు, ఒకే మాట అంటుంటే తనదే తప్పేమోననిపించింది.

ఈరమ్మ ఊరికి పోయి పొడి తెచ్చింది. సాయంత్రం కాచి, వడగట్టి, గ్లాసు కోడలి చేతిలో పెట్టింది. నల్లటి కషాయం. యాదలక్ష్మి గ్లాసులోకి చూసింది. కడుపులో ఏమీ లేకపోతే సరే. ఉంటే? కడిగినట్టు పోయేది ఏది?

"అమ్మా, జర ఆగరాదే," అన్నాడు తిరుపతి గుమ్మంలోంచి.

"నువ్వు బస్సు నడుపుకో పో. ఆడోళ్ళ ముచ్చట్ల నీకేం పని?"

యాదలక్ష్మి గ్లాసు కింద పెట్టింది. "తాగుతా అత్తమ్మా. గని రేపు దవాఖానకు పోదాం. డాక్టరమ్మ ఏం లేదంటే నీ ముందల్నే నిలవడి తాగుతా."

"గా గోలీలు ఇచ్చిందే దవాఖానోళ్ళు!"

"ఇచ్చినోళ్ళనే అడుగుదాం పా."

ఆమె అత్తకు ఎదురు చెప్పడం ఇంట్లో ఎవరూ అదివరకు వినలేదు. ఈరమ్మ గ్లాసు మీద మూత పెట్టి పొయ్యి పక్కకు జరిపింది.

పొద్దున ఆటో ఎక్కబోతుంటే ఉదయలక్ష్మి చెప్పులేసుకుని దిగింది. "నేనూ వస్తానండీ. మా తోటికోడలి సంగతి కూడా అడగాలి." ఈరమ్మ మూతి విరిచింది కానీ, పక్కకు జరిగి చోటిచ్చింది.

మలక్‌పేట దవాఖానలో డాక్టరు మృదుల ముందు మూత్రపరీక్ష చేయించింది. తర్వాత స్కానింగ్ బల్ల మీద పడుకోబెట్టి, ముగ్గురికీ కనబడేలా తెర తిప్పింది. నల్లటి తెర మీద చిన్న చుక్క మిణుకుమిణుకుమంటోంది.

"గుండె. కొట్టుకుంటుంది చూడండి."

యాదలక్ష్మి కళ్ళు తుడుచుకోవడం మరిచిపోయి తెరవైపే చూస్తోంది. ఈరమ్మకు ఇంకా నమ్మకం కుదరలేదు.

"మరి గోలీల వేడి ఏమాయె డాక్టరమ్మా? గప్పుడే ఎట్లయింది?"

"వేడా? జ్వరం చూసే పుల్ల పెట్టి చూద్దామా పెద్దమ్మా?" నవ్వింది డాక్టరు. "ఏ రోజు గోలీ ఆ రోజుకే. పేరుకుపోయి కడుపుల ఉండేదైతే రోజూ మరవకుండా మింగుమని ఎందుకు చెప్తం? ఆపినంక కొందరికి వెంటనే కడుపు వస్తది, కొందరికి నెలలు పడ్తది. గోలీలు మింగనోళ్ళకూ అంతే గద."

ఈరమ్మ ఆ మాటను లోపల తిప్పి తిప్పి చూసుకుంది. "రోజూ మింగుమనుడైతే నిజమే," అంది చివరికి.

"మరి మా తోటికోడలికి రెండేళ్ళయినా..." అడిగింది ఉదయలక్ష్మి.

"ఏ డాక్టరుకైనా చూపించిన్రా?"

"లేదండీ. బిళ్ళల వల్లే కదాని ఊరుకున్నాం." ఆ మాట అంటూనే ఆమె గొంతు తగ్గిపోయింది. అప్పుడే లేచి వరండాలోకి పోయి తెనాలికి ఫోన్ చేసింది.

లోపల యాదలక్ష్మి పొడి సంగతి చెప్పేసరికి డాక్టరు ముఖంలో నవ్వు పోయింది. "తాగలేదు గద?"

"లే," అంది యాదలక్ష్మి.

ఈరమ్మ అక్కడి స్టూలు మీద కూలబడింది. ఇంటికొచ్చాక పొడి పొట్లాం మోరీ నీళ్ళలో కలిపి, కషాయం కాచిన గిన్నెను తెల్లగా మెరిసేదాకా తోముతూ కూర్చుంది.

మరుసటి ఏడు వానలు పడేవేళకు బిడ్డ పుట్టింది. మళ్ళీ ఆడపిల్లే. "ముక్కు నాదే," అంటూ ఈరమ్మ వార్డంతా తిప్పి చూపించింది. ఇంటికి పంపే రోజున డాక్టరు దగ్గరికి తనే ముందు నడిచింది.

"డాక్టరమ్మా, మా కోడలికి గోలీలు మళ్ళ ఎప్పుడు సురువు చెయ్యాలె?"

"పాలిస్తుంది గద, ఇప్పుడే ఆ గోలీలు వద్దు. వేరే ఉపాయాలున్నయ్. ఆరు వారాలకు మీ కోడల్ని తోల్కరా, ఆమెకేది ఇష్టమో అడిగి చేద్దాం."

తనకేది ఇష్టమో అడుగుతారట. యాదలక్ష్మి ఆ మాటకు డాక్టరువైపు తిరిగింది. పోయొస్తానని చెప్పబోయి పెదవి విప్పింది. ఈరమ్మ మోచేతి మీద చిన్నగా గిల్లింది.

"దవాఖానల గా మాట అంటరా?"

రమ్మన్న రోజుకు రావాలని ఇద్దరికీ తెలుసు, వస్తారు కూడా. అయినా దవాఖాన గడప దగ్గర మళ్ళీ వస్తానని ఎవరూ నోటితో అనరు. డాక్టరు అప్పటికే ఇంకొకామె మాట వింటోంది. యాదలక్ష్మి చంటిదాని నెత్తి మీదికి కొంగు లాగి, ఏమీ చెప్పకుండా వానలోకి నడిచింది.