హైటెక్ సిటీలో మా అమ్మ టైరు చెప్పులు

నన్నూ అమ్మనీ రైలెక్కించేటప్పుడు మా తమ్ముడు ఒకటే మాట చెప్పాడు. "అప్పా, అమ్మ సూసొచ్చి ఏటంటే అదే. ఉండమంటే గుంట అక్కడే ఉంటాది. వద్దంటే నెలాఖరుకి సామాన్లు సద్దీసుకుని వచ్చేస్తాది."

మా వైపు అప్ప అంటే అక్క, గుంట అంటే ఆడపిల్ల. వాడి కూతురే ఆ గుంట, నా మేనకోడలు. హైదరాబాదులో, హైటెక్ సిటీలో, ఒక గాజు భవనం పదకొండో అంతస్తులో దానికి ఉద్యోగం. మొదట్లో చీపురుపల్లి ఇంట్లోనే వంటగది పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేసుకునేది. ఈమధ్య రోజూ ఆఫీసుకి రావాల్సిందేనన్నారు. వెళ్ళి లేడీస్ హాస్టల్లో చేరింది. అప్పట్నుంచి మా తమ్ముడికి దిగులు. దిగులు పుట్టిందంటే నిర్ణయం తీసుకెళ్ళి అమ్మ నెత్తిన పెట్టేయడం వాడికి చిన్నప్పట్నుంచీ అలవాటు.

గుంట నాకు విడిగా ఫోన్ చేసింది. "అత్తా, ఏటీ తేడా రాకుండా సూడు. నాకీ ఉద్యోగం కావాల. నాకు ఇక్కడ బావున్నాది." దాని గొంతు వింటే నాకే ఎలాగో అయిపోయింది. మాటిచ్చేశాను. శృంగవరపుకోట హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషిని నేను. ఎనభై మంది పిల్లల్ని వరసలో అరకు తీసుకెళ్ళి, ఎనభై మందినీ వెనక్కి తీసుకొచ్చినదాన్ని. ఒక్క ముసలమ్మని ఒక్క రోజు తిప్పలేనా అనుకున్నాను. అక్కడే తప్పు చేశాను.

అమ్మకి డెబ్బై దాటాయి. కాళ్ళకి టైరు చెప్పులు. సాలూరు లారీల పాత టైరు కోసి సంతలో కుట్టించుకున్నవి. అవి అరగడం నేనింతవరకూ చూడలేదు. ఈ ప్రయాణానికి వేరే జత కొంటానంటే నా మీద కోప్పడింది. రైల్లో పల్లీలు ఒలుచుకుంటూ కూర్చున్నప్పుడు అడిగాను.

"ఒక్క రోజులో ఊరు మంచిదో కాదో నీకెలా తెలుస్తుందే అమ్మా?"

"దానికేటి? సెప్పులు ఒగ్గీసిన సోట, తిరిగొచ్చేసరికి ఉండాల. ఉంటే మంచి ఊరు. లేపోతే కాదు."

చీపురుపల్లిలో అమ్మ చీరలు కొనే కొట్టు పాతకాలం కొట్టు. మెట్ల దగ్గర చెప్పులు వదిలి, లోపల తెల్లటి పరుపుల మీద కూర్చుని చీరలు విప్పించుకోవాలి. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టి ఇప్పటిదాకా ఆ మెట్ల దగ్గర అమ్మ చెప్పులు ఒక్కసారీ పోలేదట. నేను నవ్వేసి ఊరుకున్నాను. రెండో పల్లీ ఒలిచేసరికి ఆ మాట మరిచిపోయాను కూడా.

ఆదివారం పొద్దున్న గుంట మమ్మల్ని దాని ఆఫీసు ఎదురుగా ఉన్న మాల్‌కి తీసుకెళ్ళింది. నాలుగు అంతస్తులు, పైన అద్దాల కప్పు, లోపల చల్లదనం. గుమ్మం దాటగానే నాకు ఎందుకో నవ్వొచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు, ఊరికే నవ్వొచ్చింది. ఆదివారం పూట కాపీలు దిద్దకుండా ఇలాంటి చోట ఉన్నానే అన్న సంబరం కావచ్చు.

అమ్మ ఎస్కలేటర్ దగ్గర భయపడుతుందని చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ కదిలే బస్సెక్కిన మనిషి. నా చెయ్యి విదిలించుకుని, కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టి, టక్కున ఎక్కేసింది. నేను కింద మిగిలిపోయాను. ఒక కాలు పెట్టడం, తీసేయడం. వెనక జనం. పైకి వెళ్ళిపోతూ అమ్మ వంగి కేకేసింది.

"ఏటే అలగ నిలబడిపోనావు! పిల్లలకి పాటాలు సెప్తావు, ఇదెక్కడం రాదేటి?"

మాల్ అంతా విన్నది. చివరికి గుంటే దిగొచ్చి నన్ను ఎక్కించింది.

ఆ తరువాత మా ముగ్గురికీ పట్టపగ్గాలు లేవు. సెంట్ల కొట్లో ఒకమ్మాయి కాగితం ముక్క మీద చల్లి ఇస్తుంటే, "కాయితం మీద ఏల తల్లీ, సెయ్యి మీద కొట్టు" అని అమ్మ రెండు చేతులూ చాపింది. నేనూ చాపాను. ఏడెనిమిది రకాలు కొట్టించుకుని పెళ్ళివారిల్లులా గుబాళిస్తూ బయటపడ్డాం. మంచాల కొట్లో అమ్మ ఒక పరుపు మీద పడుకుని కళ్ళు మూసుకుంది. లేవమంటే, "కొత్త పరుపు పడుకుని సూడకుండా ఎలగ తెలుస్తాది?" అంది. కొనేవాళ్ళలా ముఖం పెట్టుకుని నేను పక్క పరుపు మీద పడుకున్నాను. అయిదు నిముషాలు హాయిగా కప్పుకేసి చూశాం. గుంట నవ్వాపుకోలేక తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

చెప్పుల కొట్లో మాత్రం కాస్త ముల్లు గుచ్చుకుంది. గుంట మామ్మకి తన జీతంతో బూట్లు కొనాలనుకుంది. తెల్లవి, దూదిలా మెత్తగా ఉన్నాయి. అమ్మ వేసుకుని అటు రెండుసార్లు, ఇటు రెండుసార్లు నడిచింది. ముఖం వెలిగిపోయింది. అయినా విప్పేసింది.

"బావున్నాయి. నాకొద్దు. నువ్వు ఈ ఊల్లో ఉంటావో, వచ్చేస్తావో ఇంకా తేలనేదు. తేలకుండా నీ జీతం నా కాళ్ళకేల?"

గుంట ముఖం చిన్నబోయింది. నేను గట్టిగా దగ్గి, పక్కనే పెద్ద బట్టల కొట్టుందని అటు లాక్కెళ్ళాను.

ఆ కొట్టు రెండు అంతస్తులు. గుమ్మం దగ్గర్నుంచీ పాదం దిగబడేంత తివాచీ. అందులో గంటన్నర గడిచింది. నేను జన్మలో వేసుకోని గౌను వేసుకుని అద్దంలో చూసుకున్నాను. అమ్మకి నల్లకళ్ళద్దాలు పెట్టి ఫోటోలు తీశాం. లోపలున్న మెట్ల మీదుగా పై అంతస్తుకెళ్ళి, పై గుమ్మంలోంచే బయటికొచ్చి, ఆకలిగా ఉందని అటునుంచటే హోటల్లోకి వెళ్ళిపోయాం.

మెత్తటి సోఫాలు, కిటికీ పక్క బల్ల. కిటికీలోంచి గుంట ఆఫీసు కనబడుతోంది. అది వేలు పెట్టి కింద్నుంచి లెక్కపెట్టి తన అంతస్తు చూపించింది. అమ్మ కళ్ళు చికిలించి చూసింది.

"ఆ అద్దాలు ఊడి పడవు కదా?"

"పడవు మామ్మా."

"నువ్వు కూకున్న కాడికి గాలాడతాదా?"

"ఏసీ మామ్మా. సలేస్తాది కూడా."

ఒక్కొక్క ప్రశ్నకీ గుంట పరీక్ష రాసే పిల్లలా జవాబు చెబుతోంది. ఇంతలో పెద్ద పళ్ళెం వచ్చింది. దాని నడిమధ్య అరచేతిలో సగం లేని మూడు రాగి అట్లు, మా చోడట్లే, పైన ఒక ఆకు. అమ్మ మర్యాదగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తెచ్చినతను వెళ్ళకుండా నిలబడ్డాడు.

"మిగతాయి వస్తన్నాయేటి బాబూ?"

"ఇంతేనమ్మా, స్టార్టర్."

"ఇంతేనా! మా కాడ చోడట్టు ఏస్తే పెనం కనబడదు."

అతనికీ నవ్వాగలేదు. లోపలికెళ్ళి ఇంకో మూడు తెచ్చి, ఇవి మా తరఫున అన్నాడు. అమ్మ తృప్తిగా వెనక్కి వాలి, ఇంట్లో అరుగు మీద కూర్చున్నట్టు కాళ్ళు రెండూ సోఫా మీదికి మడుచుకుంది.

అప్పుడు చూశాను. ఉత్త కాళ్ళు!

"అమ్మా, చెప్పులేవే?"

"బట్టల కొట్టు బయట ఒగ్గీసినాను కదా," అంది అమ్మ, అట్టు ముక్క పచ్చట్లో అద్దుకుంటూ. "గుమ్మం కాడే పరుపేసి ఉంటే సెప్పుల్తో ఎల్తానేటి? మీరిద్దరూ అలగే తొక్కీసి ఎల్లిపోనారు. నాకు సిగ్గేసింది."

చీర కుచ్చిళ్ళు నేలకి రాస్తుండడంతో మాకు తెలియలేదు. గంటన్నర పైన అయింది. ఆదివారం జనం. నాకు రైల్లో మాట అప్పుడు గుర్తొచ్చింది. గుంటకి దాని సంగతి తెలియదు, చెవిలో చెప్పాను. దాని చేతిలో చెంచా కింద పడింది.

"ఉంటాయిలే, తినండి," అంది అమ్మ. ఆవిడ తింది. చారు తాగింది, బిర్యానీ తింది, ఐస్‌క్రీమ్ మీద పెట్టిన పుదీనా ఆకు కూడా నమిలింది. నాకూ గుంటకీ ముద్ద దిగలేదు. అంత మంచి హోటల్లో నేనేం తిన్నానో ఇప్పటికీ చెప్పలేను. గుంట బిల్లు కట్టేశాక, చెయ్యి కడుక్కుని వస్తామని చెప్పి ఇద్దరం పరుగెత్తాం. ఈసారి ఎస్కలేటర్ ఎలా ఎక్కానో ఎలా దిగానో నాకే తెలియదు. బట్టల కొట్టు కింది గుమ్మం దగ్గర తివాచీ ఉంది, ఇత్తడి కుండీలో మొక్క ఉంది. చెప్పులు లేవు.

గుంట అక్కడే గోడకి ఆనుకుని కూలబడింది. "అయిపోనాది అత్తా. ఇంక ఇంటికే." నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పాత టైరు ముక్కలు ఎవడికి కావలసి వచ్చాయిరా అని ఆ ఊరంతటి మీదా కోపం వచ్చింది. అలాంటి జతే ఎక్కడైనా కొనేద్దామన్న దొంగ ఆలోచన కూడా వచ్చింది. హైటెక్ సిటీలో టైరు చెప్పులు ఎవరమ్ముతారు?

తలెత్తేసరికి అమ్మ ఎస్కలేటర్ మీద ఉత్త కాళ్ళతో నింపాదిగా దిగొస్తోంది. కుండీ పక్కన ఖాళీ చోటు చూసింది. గుంటకేసి చూసింది. ఆ చూపులో దాని సామాన్లు సర్దడం మొదలైపోయిందని నాకనిపించింది.

"అవి మీవా అమ్మా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. నేల తుడిచే ఆవిడ, చేతిలో మాపు కర్రతో. "నేనే తీసిన. జనం తన్నుకుంట పోతరని కింద ఆఫీసుల ఇచ్చిన. పోయి అడుగుండ్రి."

ఆ మాపు కర్రతో సహా ఆవిణ్ణి కౌగలించుకున్నాను. గుంట అప్పటికే లిఫ్టు దగ్గరుంది.

కింద చిన్న గది, బల్ల వెనక టై కట్టుకున్న కుర్రాయన. నవ్వకుండా ఒక ఫారం తీశాడు. వస్తువు ఏమిటి, ఏ రంగు, అన్నీ రాసుకున్నాడు. "బ్రాండు?" అన్నాడు.

"సాలూరు," అంది అమ్మ.

అదీ రాసుకున్నాడు. వెనక బీరువా తెరిచాడు. లోపల ఫోన్లు, వాచీలు, ఒక ల్యాప్‌టాప్ సంచీ, చంటిపిల్ల పాలసీసా. వాటి మధ్య, పారదర్శకమైన కవర్లో మూతి అంటించి, మీద చీటీ కట్టి, మా అమ్మ టైరు చెప్పులు. దొరికిన చోటు, దొరికిన వేళ, ఇచ్చినవారి పేరు, అన్నీ చీటీ మీద ఉన్నాయి. నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చి గోడవైపు తిరిగిపోయాను.

అమ్మ చెప్పులు తీసుకోలేదు. బీరువాలోకే చూస్తోంది.

"ఇయ్యన్నీ ఎవులియి బాబూ?"

"మరిచిపోయినవాళ్ళవమ్మా. వస్తే ఇచ్చేస్తాం."

"రాపోతే?"

"వచ్చేదాకా ఉంచుతాం."

"ఆ పాలసీసా కూడానా?"

"అది కూడా."

అమ్మ తలూపి, చెప్పుల కవరు అందుకుంది. చేతిసంచీలో గుంట కోసం తెచ్చిన సున్నుండల డబ్బా విప్పి అతనికి రెండు పెట్టింది. వద్దంటే ఊరుకోలేదు. మళ్ళీ పైకి నడిచి, మాపు కర్ర ఆవిణ్ణి వెతికి, కొంగు పట్టించి నాలుగు వేసింది. ఆ తరువాత గుంట వైపు తిరిగింది.

"ఏటే, ఇందాకటి తెల్ల బూట్లు ఆ కొట్లోనే ఉన్నాయా, అమ్మీసినారా?"

గుంటకి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక అది చేసిన కేకకి సెక్యూరిటీ ఆయన పరుగెత్తుకొచ్చాడు.

సాయంత్రం హాస్టల్‌కి వెళ్ళాం. మూడో అంతస్తులో దాని గది. అమ్మ కొత్త బూట్లతో మెట్లెక్కి, కవరు చింపి, టైరు చెప్పులు గుంట గది గుమ్మం పక్కన పొందికగా పెట్టింది.

"నాను మళ్ళీ వచ్చేసరికి ఇయ్యి ఇక్కడే ఉండాల. నువ్వూ ఉండాల," అంది. గుంట మామ్మని పట్టుకుని వదల్లేదు. బూట్లు తొక్కీకు అని అమ్మ కసురుతూనే ఉంది.

మర్నాడు చీపురుపల్లి స్టేషన్లో తమ్ముడు ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉన్నాడు. రాత్రంతా పడుకోలేదని ముఖం చూస్తే తెలుస్తోంది. ముందు నేను దిగాను. "ఏటంది అప్పా?" అన్నాడు. నేను పక్కకి తప్పుకున్నాను. నేత చీర కింద ధగధగలాడే తెల్ల బూట్లతో అమ్మ దిగింది. వాడు వాటికేసి అలాగే చూశాడు.

"అమ్మా, నీ సెప్పులేవి?"

"గుంట గుమ్మం కాడ ఒగ్గీసినాను."

తమ్ముడు కూడా ఆ చీరల కొట్టు మెట్ల దగ్గర పెరిగినవాడే. అమ్మ చెప్పుల లెక్క వాడికీ తెలుసు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని సంచీ అందుకున్నాడు.