అవ్వ నోట పలికించిన వాక్యం

భాషల మీద పరిశోధన చేశానంటే చాలామంది ‘ఎన్ని భాషలొచ్చు సార్?’ అని అడుగుతారు. తెలుగు, ఇంగ్లీషు, చిత్తూరువాణ్ణి కాబట్టి కాస్త అరవం. అంతకుమించి ఏదీ రాదు. జర్మన్‌లో మంచినీళ్లు కూడా అడగలేను. అయినా జర్మన్ వాక్యాలను విప్పి కట్టి డాక్టరేట్ తెచ్చుకున్నాను. మా పని అలాంటిది.

నా అంశం చిన్నది. ‘కొడుకు చనిపోయాడని తల్లి అనుకుంది’ అంటే కొడుకు చనిపోయినట్టు కాదు, తల్లి అలా అనుకున్నట్టు మాత్రమే. వాక్యం లోపలి ఆ మాటను ఏ భాష ఎలా వేరుచేసి చూపిస్తుందన్నది నా ప్రశ్న. జర్మన్ ఆ లోపలి క్రియను చివరికి నెడుతుంది. అమెరికాలో ఒక సరస్సు చుట్టూ బతికిన జనానిది వాషో భాష. అందులో తెలిసిన సంగతికి ఒక తీరు, ఉత్త ఊహకు ఇంకో తీరు ఉంటుందని చదివాను. ఈ రెండూ పుస్తకాల్లో దొరికాయి. మూడోది మా జిల్లాలోనే ఉన్న ఎరుకల భాష. అది మాత్రం మనిషి నోటి నుంచే రావాలి.

అలా దొరికింది అవ్వ. కాణిపాకం దారిలో రోడ్డుకు కాస్త లోపల వాళ్ల కాలనీ. ఒకప్పుడు ఊరూరా తిరిగి సోది చెప్పి ముగ్గురు కొడుకుల్ని సాకింది. ఇద్దరు పోయారు. మిగిలిన ఒక్కడితో కలిసి వెదురు తట్టలు అల్లుతూ ఉండేది. వారానికోసారి తిరుపతి నుంచి బస్సులో వెళ్లి ఆమె ముందు కూర్చునేవాణ్ణి. నేను తెలుగులో ఒక వాక్యం చెబితే ఆమె తన భాషలో చెప్పేది, నేను రికార్డు చేసుకునేవాణ్ణి. వాన కురిసిందని పిల్ల చెప్పింది. ఎద్దు తప్పిపోయిందని రైతు అనుకున్నాడు. నవ్వుతూ చెప్పేది.

ఒకరోజు ‘కొడుకు చనిపోయాడని తల్లి అనుకుంది’ అన్న వాక్యం అడిగాను. చేతిలోని వెదురుబద్ద కింద పెట్టేసింది.

“అది సెప్పను నాయనా.”

“ఉత్త మాటే కదవ్వా. నిజం కాదు. ఆమె అట్లా అనుకుంది, అంతే.”

“నేను సోది సెప్పిన దాన్ని. నా నోట్లో ఉత్త మాట ఉండదు. కోడి సచ్చిందని సెప్తా. రాసుకో.”

కోడి నాకు పనికిరాదు. మూడు భాషల్లోనూ ఒకే వాక్యం ఉండాలి. చావడమనే మాటనే ఎందుకు ఎంచుకున్నానంటే, అది సగం జరిగి ఆగే పని కాదు, నా లెక్కకు శుభ్రంగా ఉంటుంది. ఆమె ఇద్దరు కొడుకులు పోయిన సంగతి నాకు తెలుసు. తెలిసే అడిగాను. నెలాఖరులోపు థీసిస్ ఇవ్వాలి. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

పక్కన తట్ట అల్లుతున్న కొడుకే నవ్వి, “సెప్పుమా, పాపం సార్ అంత దూరం నుంచి వస్తాండాడు. నువ్వంటే సస్తానా నేను?” అన్నాడు.

ఆమె లేచి వెళ్లి వాడి తలమీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని చెప్పింది. ఒక్కసారే. తర్వాత చెంబు తీసుకుని మూడుసార్లు నోరు పుక్కిలించి ఉమ్మింది. మరుసటి వారం వెళితే తలుపు తీయలేదు. నాకు కావలసింది దొరికింది కాబట్టి నేనూ పెద్దగా తట్టలేదు.

పన్నెండేళ్లు గడిచాయి. ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, పాప పుట్టింది. పాపకు ఆరో ఏడు నడుస్తుండగా తలలో గడ్డ ఉందన్నారు. ఆపరేషన్ పొద్దున నర్సు ఒక కాగితం ఇచ్చి, నేను ఒప్పుకున్నట్టు రికార్డు చేయడానికి ఫోన్ కెమెరా నా వైపు తిప్పింది. ‘ఈ ఆపరేషన్‌లో నా బిడ్డ చనిపోవచ్చని డాక్టరు నాకు చెప్పారు.’ అది పైకి చదవాలి. ‘నా బిడ్డ’ దాకా చదివి ఆగాను. లోపలి మాట ఉత్త మాటేనని ఏళ్ల తరబడి క్లాసులో చెప్పినవాణ్ణి.

“ఏదైనా జరగొచ్చు అని చదవచ్చా అమ్మా?”

“లేదు సార్. రాసిందే సదవాల.”

చదివాను. పాపను లోపలికి తీసుకెళ్లారు. ఆ నాలుగు గంటలూ నేను ఏ దేవుడికీ మొక్కలేదు. అవ్వే కళ్లముందు ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

పాప బతికింది. అది ఇంటికొచ్చి లేచి తిరగడం మొదలుపెట్టాక ఆ కాలనీకి వెళ్లాను. దారంతా భయమే, అవ్వ కొడుకు ఉన్నాడో లేడో అని. వాడు గడపలోనే కూర్చుని వెదురు చీలుస్తున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి పీట వేశాడు.

“అమ్మ కాణిపాకం పోయింది సార్. వచ్చే పొద్దాయె. ఆ పొద్దు నీకు ఆ మాట సెప్పినప్పట్నుంచి నెల నెలా సవితినాడు వినాయకుడి గుడికి నడ్సిపోతాది. నోటితో అబద్దం ఆడినా, నా బిడ్డను కాయి సామీ అని మొక్కుకోనొస్తాది. వద్దంటే ఇనదు.”

నెలకొకసారి, పన్నెండేళ్లు. నేను కూర్చోలేకపోయాను.

కాసేపటికి అవ్వ వచ్చింది. కర్ర పట్టుకుని, రెండు అడుగులకోసారి ఆగుతూ. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కాళ్లు చాపుకుని కూర్చుని అడిగింది.

“ఆ మాట యాడుండాది నాయనా ఇప్పుడు?”

నిజం చెప్పాలనే వెళ్లాను. అది అచ్చయిన పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం నుంచి ఇంకెవరెవరో తమ వ్యాసాల్లోకి ఎత్తి రాసుకున్నారు. జర్మన్ వాక్యం కింద, వాషో వాక్యం పక్కన, ఆమె కొడుకు చనిపోయాడని నేను చూడని ఊళ్లలో కూడా చదువుతున్నారు. తుడిచేయడం ఎవరి వల్లా కాదు.

“తీసేసినావా?” అంది మళ్లీ.

“తీసేసినానవ్వా.”

నా మొహంలోకి చాలాసేపు చూసింది. అన్నేళ్లు సోది చెప్పిన మనిషి, పట్టేసిందనే అనుకున్నాను.

“అట్లయితే ఇంక నడ్సకపోయినా పర్వాలేదా నాయనా? మోకాళ్లు పట్టడంలే.”

నడవొద్దని చెప్పాను.