ప్లేటు కోటయ్యా, నా సుత్తీ

అది 1946 వేసవి. నరసరావుపేట స్టేషను రోడ్డులో, సోడా కొట్టుకూ సైకిళ్ళు అద్దెకిచ్చే కొట్టుకూ మధ్య నాకో గ్రామఫోను మరమ్మతు కొట్టు ఉండేది. చదివేవాళ్ళలో చాలామంది గ్రామఫోను పెట్టెను చూసి ఉండరు కాబట్టి నాలుగు ముక్కలు చెబుతాను. దానికి కరెంటుతో పని లేదు. పక్కనున్న పిడి తిప్పితే లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది. ఆ స్ప్రింగు విప్పుకుంటూ పైనున్న ప్లేటును, అంటే పాట ఉన్న నల్లటి బిళ్ళను, తిప్పుతుంది. ప్లేటు ఒకే వేగంతో తిరిగేలా చూసే ఇనప గుండ్ల భాగాన్ని గవర్నరు అంటాం. సూది అదురును పట్టి పాటగా వినిపించే గుండ్రటి డబ్బీ సౌండ్ బాక్సు. స్ప్రింగు తెగినా, గవర్నరు మొరాయించినా, సౌండ్ బాక్సు గురక పెట్టినా పల్నాడులో నా దగ్గరికే వచ్చేవారు. పెట్టెలు బాగుచేయడంతో పాటు ప్లేట్లు కూడా అమ్మేవాణ్ణి.

కొట్టు బల్ల వెనక కూర్చున్నవాడికి లోకం ఎటు పోతోందో జనం అడిగే పాటల్లోనే తెలుస్తుంది. నేను కొట్టు తెరిచిన 1937లో అందరూ నాటకాల పద్యాలే అడిగేవారు. రెండేళ్ళు తిరిగేసరికి టాకీ పాట వచ్చి పద్యాన్ని పక్కకు నెట్టింది. గురజాల రైతు పత్తి అమ్మిన రోజున బండి దిగి, "మేస్త్రీ, ఆ డేరా సినిమాలో పిల్ల పాడింది చూడు, అది కావాల" అనేవాడు. అంతలో యుద్ధం వచ్చింది. ఇనప సూదులు దొరకలేదు. తుమ్మముళ్ళు ఎండబెట్టి, మొన నూరి సూదికి బదులు పెట్టాను. మెత్తగా పలికేవి, కానీ రెండు పాటలకే అరిగేవి. విశాఖ మీద బాంబులు పడ్డాయనగానే మద్రాసు సగం ఖాళీ అయింది, పాడేవాళ్ళూ తీసేవాళ్ళూ చెల్లాచెదురయ్యారు. అప్పుడు జనం రాట్నం పాటలు, జెండా పాటలు అడిగేవారు, అదీ పోలీసు కనపడకపోతేనే. ఇన్ని మార్పులు చూసినా ఒక్క ప్లేటు సంగతి మాత్రం నన్ను వదల్లేదు.

అది కోటయ్య ప్లేటు.

కోటయ్యది గురజాల దగ్గర పల్లె, నాకంటే మూడేళ్ళు పెద్ద. నేను మిషను గుడిలో హార్మోనియం నేర్చుకున్నవాణ్ణి. ఇద్దరం ఒకే నాటక సమాజంలో పనిచేశాం. ఆయన రాజు వేషం, నేను హార్మోనియం. 1936లో మాచర్లలో మా నాటకం చూసిన ఒక గ్రామఫోను కంపెనీ ఏజెంటు మమ్మల్ని మద్రాసు తీసుకెళ్ళాడు. అక్కడ వచ్చింది చిక్కు. ప్లేటుకు ఒక వైపు మూడు నిమిషాలే పడుతుంది. స్టేజీ మీద కోటయ్య ఒక్క పద్యాన్ని పది నిమిషాలు లాగేవాడు. ఎంత కుదించినా మూడో పాదం దగ్గర ఊపిరి పీల్చుకుని శ్రుతి అందుకునేసరికి టైము అయిపోయేది. చివరికి నేను ఆయన ఊపిరి తీసుకునే ఆ కాస్త జాగాలో పై షడ్జమం నుంచి కిందికి గబగబా ఒక బిట్టు దించి, సరిగ్గా నాలుగో పాదం ఎత్తుకునే స్వరం మీద ఆపాను. బిట్టు అంటే పాదానికీ పాదానికీ మధ్య వాయిద్యం ఒక్కటే పలికే ముక్క. కోటయ్య తడుముకోకుండా ఎత్తుకున్నాడు. పద్యం మూడు నిమిషాల్లో కూర్చుంది. ఆ బిట్టు నాకెలా తోచిందో నాకే తెలియదు, ముందు అనుకున్నది కాదు.

ప్లేటు వచ్చింది. నడిమధ్య అంటించిన కాగితం మీద కోటయ్య పేరు బంగారు రంగులో మెరిసింది. నా పేరు లేదు. కనీసం "హార్మోనియంతో" అన్న ముక్కైనా లేదు. కోటయ్యకు ఊరూరా సన్మానాలు, శాలువాలు. "ప్లేటు కోటయ్య" అని ఇంటిపేరే మారిపోయింది. నాకు మాత్రం కడుపు మండిపోయింది. అబద్ధం ఎందుకు, అన్నం సయించలేదు. సమాజం వదిలి ఈ కొట్టు పెట్టుకున్నాను. పెట్టుకున్నానే గానీ, వారానికొకడైనా వచ్చి "ప్లేటు కోటయ్యది ఉండాదా?" అంటుంటే నవ్వు మొహం పెట్టి తీసి ఇవ్వాలి. గోరుచుట్టు మీద రోకటి పోటు! ఒకసారి కోటయ్య ఊళ్ళోకి వచ్చాడని తెలిసి కొట్టుకు తాళం వేసి మరీ తప్పించుకున్నాను. అలా తొమ్మిదేళ్ళు ఆయనతో మాట్లాడలేదు.

టాకీ పాటలు వచ్చి కోటయ్యను అడిగేవాళ్ళు తగ్గినప్పుడు లోకంలో నా అంత సంతోషించినవాడు లేడు. ఆ సంతోషానికి యుద్ధం కూడా తోడైంది. ప్లేట్లు లక్కతో చేస్తారు. లక్కకు కరువు రావడంతో, కొత్త ప్లేటు కావాలంటే పాతవి తెచ్చి ఇవ్వాలని మాకు సరుకు పంపే బెజవాడ ఏజెంటు కట్టడి పెట్టాడు. వచ్చిన పాతవాటిని మేం మళ్ళీ అమ్ముకోకుండా ముక్కలు చేసి గోతాల్లో పంపాలి. మా వృత్తిలో ఉన్నవాళ్ళు ఎవరూ ఆ మాటను పూర్తిగా పాటించలేదు. పగుళ్ళు పడ్డవి, అరిగినవి ముక్కలు చేసి, మంచివి బీరువా వెనక దాచేవాళ్ళం. నేనూ అంతే. ఒక్క కోటయ్యవి తప్ప. కోటయ్య ప్లేటు కొత్తదానిలా మెరుస్తున్నా సరే, బల్ల మీద పడుకోబెట్టి చిన్న సుత్తితో కొట్టేవాణ్ణి. మిగతావి ఎక్కడ తగిలితే అక్కడ. ఆయనవి మాత్రం నడిమధ్య, కాగితం మీద.

ఓ రోజు మా ఆవిడ మరియమ్మ అన్నం క్యారేజీ తెచ్చి, నేను కొట్టడం చూసి నిలబడిపోయింది.

"ఏందయ్యా, ఆ ప్లేటేమన్నా నీ పెద్దల్ని తిట్టిందా?"

"పనిలే. ఇది ఏజెంటు చెప్పిన పని."

"ఏజెంటు పళ్ళు కొరుక్కుంటా పగలగొట్టమన్నాడా? ఎవరిదది?"

ఆమె వంగి చూసి, "ఓహో" అని క్యారేజీ పెట్టి వెళ్ళిపోయింది. ఆ రోజు పప్పులో ఉప్పు లేదు. ఆమె మరిచిపోయిందో, కావాలనే వెయ్యలేదో ఇప్పటికీ తెలియదు.

1946 వేసవిలో ఒక మధ్యాహ్నం మాచర్ల రైలు దిగి కోటయ్య నేరుగా నా కొట్టుకు వచ్చాడు. గుర్తుపట్టడానికి క్షణం పట్టింది. పంచె మాసింది, మనిషి చిక్కాడు. సమాజాలు మూతపడి నాలుగేళ్ళు. జనమంతా డేరా సినిమాలకే పోతున్నారు, ఆయన పిల్లలకు పద్యాలు నేర్పుకుంటూ బతుకుతున్నాడని విన్నాను.

"ఏం దావీదూ, బాగుండావా?" అన్నాడు.

"ఆఁ. కూర్చో అన్నా," అన్నాను, ముళ్ళ మీద కూర్చున్నట్టుగా.

"మద్రాసు నుంచి కాగితం వొచ్చింది. కొత్త కంపెనీ. యుద్ధం అయిపోయింది గదా, మళ్ళీ ప్లేట్లు తీత్తన్నారంట. పాత పద్యాలు ఒకటి రెండు తీసి చూత్తారంట. నా పద్యం అడిగారు. మూడు నిమిషాల్లో అట్టాగే రావాలన్నారు. ఒక్కసారే తీత్తారంట, తప్పితే రెండోసారి లేదంట. నా ప్లేటు పిల్లకాయలకి ఏసి ఏసి అరిగిపోయింది, బుస్సుమనటం తప్ప ఏం పలకడం లే. నీకాడ ఒకటి ఉంటదని వచ్చా."

నా చెవుల్లో ఒక్క మాటే మోగింది. మళ్ళీ మద్రాసు. మళ్ళీ కోటయ్య. పూర్తిగా ఆరిపోయాడనుకున్నవాణ్ణి పిలిచి మరీ దీపం వెలిగిస్తున్నారు! ఒళ్ళంతా కారం రాసినట్టయింది.

"లేవన్నా. అన్నీ గోతాల్లో పోయినాయి. ఇదిగో, ఏజెంటు తీసుకోకుండా మిగిలిన గోతం ఇదొక్కటే. ఎతుక్కో కావాలంటే," అన్నాను. ఆ "ఎతుక్కో" ఎంత వెటకారంగా అన్నానో నాకు తెలుసు.

ఆయన నిజంగానే నేల మీద కూర్చుని గోతం బోర్లించాడు. ఒక్కో ముక్కా ఎండకు పట్టి చూశాడు. కాసేపటికి తన పేరున్న ముక్కలు ఒక పక్కన పేర్చుకున్నాడు. మూడు ప్లేట్లవి. వాటి నల్లటి నిగనిగ చూసి, ఒకటీ అరిగింది కాదని ఆయనకు అర్థమైంది. పక్కనున్న వేరేవాళ్ళ ముక్కలు చేతిలోకి తీసుకున్నాడు. అవి అంచుల్లో విరిగాయి. తనవి మూడూ కాగితం మీద పడిన దెబ్బతో విచ్చుకున్నాయి.

"దావీదూ," అన్నాడు తల ఎత్తకుండా. "నా పేరు మీదనే కొట్టావేందిరా?"

అబద్ధం ఆడదామన్నా సుత్తి బల్ల మీదే ఉంది.

"పద్యం నాకు గుర్తుండదనుకున్నావా? నా గొంతు నాకెందుకురా ప్లేటులో? మూడో పాదం అయినాక నువ్వు దించావే, ఆ బిట్టు కోసం వొచ్చా. ఆ తరవాత ఎంతమంది హార్మోనిస్టులు వాయించలా? ఒక్కడికీ పడలా. నిన్ను మద్రాసు తీసుకుపోదామని వొచ్చా. ఇన్నేళ్ళయింది, మరిచిపోయి ఉంటావు, ప్లేటు వింటే వేళ్ళకి తెలుత్తదని అడిగా."

ఆ క్షణంలో భూమి చీలితే బాగుండుననిపించింది.

రెండు రోజులు కొట్టు పని ఆపేశాను. మంచి ముక్కలు ఏరి, వెనక అట్ట పెట్టి, కరిగించిన లక్కతో అతికాను. నా చేతిపనిలో అంత జాగ్రత్తగా చేసింది ఇంకోటి లేదు. తుమ్మముల్లు పెట్టి ప్లేటు వేశాను. మొదటి పాదం పలికింది. రెండో పాదంలో ముల్లు పగుళ్ళ మీద గెంతింది. మూడో పాదం సగంలో కిందికి దిగబడింది. అక్కడినుంచి బిట్టు పూర్తయ్యేదాకా వేలెడంత ముక్క లేదు, గోతమంతా జల్లించినా దొరకలేదు. మిగతా రెండు ప్లేట్లూ అంతకన్నా అన్యాయంగా ఉన్నాయి. సుత్తి దెబ్బ గట్టిగా పడింది మరి. కొన్నవాళ్ళ ఇళ్ళలో అడిగినా దొరకలేదు, అవన్నీ ఎప్పుడో నా గోతాల్లోకే వచ్చాయి.

"ప్లేటు లేకపోతే పీడా పోయె. నువ్వు వాయించు," అన్నాడు కోటయ్య.

వాయించాను. ఒకటి కాదు, ఇరవై రకాలు. వేళ్ళు ఎక్కడెక్కడికో పోయాయి గానీ ఆ దారికి రాలేదు. తొమ్మిదేళ్ళు ఆ ప్లేటు నా చేతుల మీదుగానే పోయింది. అమ్మాను, పగలగొట్టాను, ఒక్కసారి కూడా పూర్తిగా వినలేదు. వింటే ఆయన గొంతు వినాల్సి వస్తుందని వినలేదు. బయటినుంచి వింటున్న మరియమ్మ లోపలికి వచ్చి, "అది కాదయ్యా, పెళ్ళయిన కొత్తల్లో మా అన్న ఇంట్లో విన్నా, అది ఇంకా తొందరగా పోతది," అంది. ఎలా పోతుందో మాత్రం ఆమె పాడలేకపోయింది.

అయినా ఇద్దరం మద్రాసు వెళ్ళాం. రైల్లో కోటయ్య తెచ్చిన పెరుగన్నం, మాగాయ ఇద్దరం తిన్నాం. రికార్డింగు గదిలో మైనం పలక తిరుగుతుంటే దాని మీద సూది గీత గీస్తుంది. టైము అయిపోవచ్చిందంటే ఎర్ర దీపం వెలుగుతుంది. కోటయ్య గొంతు విప్పాడు. దేవుడి మీద ఒట్టు, వయసు మీద పడ్డా ఆ గొంతు వింటే వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అంత బాగా పాడుతుంటే, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు మళ్ళీ అసూయ పుట్టింది. మూడో పాదం అయింది. నేను బిట్టు ఎత్తుకున్నాను. నాకే తెలిసింది, అది పొడవైంది. కోటయ్య నాలుగో పాదం సగంలో ఉండగా ఎర్ర దీపం వెలిగింది. మైనం ఆగిపోయింది.

లోపలినుంచి గుమస్తా వచ్చి, "బాగా పాడారు గానీ అందలేదండి. ఇంకో పలక ఇవ్వడానికి లేదు. కావాలంటే కబురు చేస్తాం," అన్నాడు. ఆ కబురు రాదని ముగ్గురికీ తెలుసు. గుమస్తా బల్ల మీద ఒక కాగితం ఉంది. ప్లేటు మీద అంటించేదానికి రాసుకున్న నమూనా అది. దాని మీద అడ్డంగా గీత కొట్టబోతూ ఆగి, "దావీదు గారంటే మీరేనా? కోటయ్య గారు ఉత్తరంలో రెండుసార్లు రాశారు, తన పేరుతో సమానంగా మీ పేరు వెయ్యకపోతే పాడనని," అన్నాడు. చూశాను. రెండు పేర్లూ పక్కపక్కనే, ఒకే సైజులో ఉన్నాయి. గుమస్తా గీత కొట్టాడు.

కోటయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఇంత మోయాల్సి వచ్చేది కాదు. తిరుగు రైల్లో నరసరావుపేట దాకా కిటికీ వైపు తిరిగి కూర్చుని, నేను దిగేటప్పుడు "హార్మోనియం జాగ్రత్త, వాన పడేట్టుంది," అన్నాడంతే. ఆ తర్వాత ఆయనకు మద్రాసు నుంచి పిలుపు రాలేదు. మరుసటేడు స్వాతంత్ర్యం వచ్చింది, ఊరంతా జెండా పాటల ప్లేట్లే అడిగింది. పద్యం అడిగినవాడు లేడు.

ఈ పనిలో కొత్తగా చేరేవాళ్ళు నన్ను, "ప్లేటు పగిలితే అతకొచ్చా?" అని అడుగుతుంటారు. అతకొచ్చు, కానీ పోయిన ముక్కలో ఏముందో అది రాదని చెబుతాను. ఆ ప్లేటు మీద నా పేరు లేదని తొమ్మిదేళ్ళు ఏడ్చాను. అందులో నేనున్నానని కోటయ్యకు గుర్తుంది, నాకు లేదు. ఆయన పేరు మీద నేను కొట్టిన ప్రతి దెబ్బా ముందు నాకే తగిలింది, ఆ సంగతి తెలియడానికే నాకు మద్రాసు దాకా రైలు ప్రయాణం పట్టింది.