కోసిగి రైలుకు చాచా పెట్టిన కిటికీలు

మా వీధి చాచా పోయాడు. శుక్రవారం పొద్దున నేను షాపు షట్టరు ఎత్తుతుండగా ఆయన కూతురు ఫోన్ చేసి, "అక్కా, నాయన లేడక్కా" అంది. రాత్రి బాగానే తిని పడుకున్నాడట, తెల్లారి లేవలేదు. షట్టరు సగంలో వదిలేసి పరిగెత్తాను. మధ్యాహ్నం నమాజు తర్వాత మగవాళ్లు ఆయన్ను తీసుకుపోయారు. ఆడవాళ్లం వీధి మలుపు దాకా చూసి అక్కడే నిలబడిపోయాం.

చాచా బోర్డులు రాసే పెయింటరు. కడపలో ఒకప్పుడు లారీల వెనక నెమళ్లు, కిరాణా కొట్ల మీద పేర్లు చాలావరకు ఆయన చేతివే. తర్వాత నాలాంటివాళ్లు ఫ్లెక్సీ షాపులు పెట్టి ఆయన కుంచెను మూలన పడేయించాం. ఇంకొకరైతే నా మొహం కూడా చూడరు. ఈయన రోజూ నా షాపుకే వచ్చి, నా కుర్చీలోనే కూర్చుని, నేను పెట్టిన అక్షరాలకు వంకలు పెట్టేవాడు. "నా కూడు లాక్కుంటివి, టీ అన్నా పొయ్యి మా" అనేవాడు. విని నవ్వేదాన్ని. 

గిరాకీ లేనప్పుడు నేను కంప్యూటర్లో రైలు నడిపే ఆట ఆడతాను. పెళ్లీడుకొచ్చిన కూతురున్న దానికి ఇదేం పిచ్చని మా అత్త తిట్టని రోజు లేదు. ఆ ఆటలో బోగీలకు మనకు నచ్చిన రంగు వేసుకోవచ్చు. బోగీని విప్పి పరిచినట్టు ఒక బొమ్మ ఉంటుంది. దాని మీద రంగు మార్చి, ఆటకు పనికొచ్చే రకం ఫైలుగా చేసి పెడితే చాలు. ఒకరోజు చాచా నా వెనక నిలబడి చూసి, "పాత ప్యాసింజరు రంగు ఇది కాదు మా. శానాసేపు కాలిన ఇటికె మాదిరి ఉంటాది" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "దీంట్లో కోసిగి దాకా పోవచ్చునా?"

కోసిగి ఆయన భార్య, మా చాచీ పుట్టిన ఊరు. పక్షవాతం వచ్చి ఆమె మంచం పట్టింది. కూర్చోబెడితే కాసేపటికే పక్కకు ఒరిగిపోతుంది. రైలెక్కించడం కుదరదని డాక్టరు తేల్చి చెప్పాడు. ఆమె అడిగేది మాత్రం ఒకటే, ఒక్కసారి రైల్లో కోసిగి పోయొద్దామని. ఆమె అడిగిన ప్రతిసారీ చాచా చెప్పులు వేసుకుని నా షాపుకు వచ్చేసేవాడు. ఆటలో బోగీ లోపల కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తూ పోవచ్చు. మన దిక్కు రైలు లైను కూడా ఆ ఆట కోసం ఎవరో పుణ్యాత్ముడు తయారుచేసి పెట్టాడు. ఆ పాత రంగు బోగీ తన చేత్తో చేసి, చాచీని అందులో ఊరికి తీసుకుపోవాలని ఆయన పట్టు పట్టాడు.

తంటా అంతా కిటికీలతోనే వచ్చింది. ఆ బొమ్మలో రంగులతో పాటు, ఎక్కడ ఎంత అవతలికి కనపడాలో చెప్పే పొర ఒకటి ఉంటుంది. కిటికీల్లాగా ఖాళీగా ఉన్నచోట కంప్యూటరు బూడిద, తెలుపు గళ్లు చూపిస్తుంది. చాచా రోజుల తరబడి నా షాపు కంప్యూటరు ముందు కూర్చుని ఆ గళ్లన్నిటి మీదా శ్రద్ధగా లేత నీలం పూశాడు. బతుకంతా లారీల మీది బొమ్మల్లో అద్దాలకు వేసిన నీలమే. మెరుపు కోసం మూలకొక తెల్లగీత కూడా లాగాడు.

"చాచా, ఆ గళ్లెందుకు పూసినావు? ఆడ ఏమీ లేదని చెప్పేదానికి అట్ల చూపిస్తాది."

"ఏమీ లేనప్పుడు ఏమీ చూపీకుండా ఉండాల గదా మా! దుమ్ము పట్టిన బండలనుకొని పూసేస్తి."

"నువ్వు పూస్తే చాచీకి బయట కనపడదు."

 ఆ సాయంత్రమే ఆయన కూర్చుని, వేసిన నీలమంతా చెరిపాడు.

తర్వాత బొమ్మను మామూలు ఫొటోలాగా జేపీజీలో దాచి ఇచ్చాడు. జేపీజీలో ఆ పొర నిలవదు. కిటికీలన్నీ తెల్లగా మూసుకుపోయి వచ్చాయి. చాచా అది చూసి, "గుడ్డ కప్పినట్ల ఉండాది, తీసెయ్ మా" అని మొహం తిప్పుకున్నాడు. అప్పటినుంచి ఆ పొర నిలిచే పీఎన్‌జీలోనే తన పెన్ డ్రైవ్‌లో దాచేవాడు. దాచేముందు బొమ్మ కింద చిలకపచ్చ రంగు పరిచి కిటికీలన్నీ వరసగా చూసేవాడు. పచ్చ కనపడితే కిటికీ తెరుచుకున్నట్టే. "దారి ఉండాది" అని ఒక్కోదానికీ పైకే అనేవాడు. గిరాకీకి వచ్చినవాళ్లు ఆయన్ను వింతగా చూసేవాళ్లు.

చివర్లో ఇంకో మెలిక పెట్టాడు. అద్దాల కింది అంచున పల్చగా ఎర్రదుమ్ము ఉండాలన్నాడు. "దుమ్ము లేకుంటే మన రైలని ఆయమ్మ యట్ల నమ్ముతాది?" దుమ్మంటే సగం కనపడి సగం కనపడకుండా ఉండాలి. ఫైలు మార్చేటప్పుడు ఒక పద్ధతిలో పోతే కిటికీ పూర్తిగా తెరిచైనా ఉంటుంది, మూసైనా ఉంటుంది, మధ్య రకం నిలవదు. ఆ పొరను ఉన్నదున్నట్టు ఉంచే పద్ధతి వేరే ఉంది. శనివారం ఇద్దరం కూర్చుని ఆ పని చేద్దామనుకున్నాం. శుక్రవారమే ఆయన వెళ్లిపోయాడు.

మూడోనాటి జియారత్ అయ్యాక కూతురు ఆయన పెన్ డ్రైవ్ తెచ్చి నా చేతిలో పెట్టింది. తెరిచి చిలకపచ్చ పరిచి చూశాను. ఒక్క కిటికీ తప్పలేదు. కింది అంచున పల్చగా వేసిన ఎర్రదుమ్ము తప్ప, ఊచల సందుల్లో కూడా ఎక్కడా రంగు అంటలేదు. ఎదురుగా ఒకాయన విజిటింగ్ కార్డుల కోసం నిలబడి ఉన్నాడు, ఆయన ముందే ఏడ్చేశాను. కళ్లు తుడుచుకుని, పొర పోకుండా, దుమ్ము పోకుండా ఫైలు మార్చాను.

మర్నాడు ల్యాప్‌టాప్ తీసుకుపోయి చాచీ మంచం పక్కన స్టూలు మీద పెట్టాను. కూతురు ఆమె తలకింద ఇంకో దిండు పెట్టింది. బోగీ కదిలింది. ఎర్రదుమ్ము వెనకనుంచి రాళ్లగుట్టలు, తుమ్మచెట్లు, పత్తిచేలు పోతున్నాయి.  చాచీ రెప్ప కూడా వేయకుండా చూస్తూ ఉంది. ఆదోనిలో రైలు ఆగింది. ఇంకాస్త దూరం పోతే కోసిగి. బయలుదేరదీద్దామని చెయ్యి చాపాను.

"రవ్వంత నిలుపు మా" అంది చాచీ. "మీ చాచా నీళ్లకు దిగినాడు. ఇంగా ఎక్కల్యా."

ఆమెకు మతి తప్పలేదు. చాచా లేడని మా అందరికంటే ఆమెకే బాగా తెలుసు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అద్దం అవతల ఆదోని ప్లాట్‌ఫారం, కొళాయి దగ్గర ఎవరూ లేరు. ముగ్గురం అటే చూస్తూ కూర్చున్నాం.