మామ కళ్ళకు నేను కొన్న దుర్బీను

ఆ రోజుల్లో, అంటే ఫోన్లో ఏ సందేహం అడిగినా వీడియో తీసి జవాబు చెప్పేవాళ్ళు కొత్తగా పుట్టుకొస్తున్న రోజుల్లో, నా కళ్ళంటే నాకు మహా గర్వం. అప్పటికి పటాన్‌చెరులో ఒక ఇంజెక్షన్ మందుల ఫ్యాక్టరీలో చేరి ఏడాది కూడా కాలేదు. నెత్తిన తెల్లటి లైటు, ఎదురుగా సగం నలుపు సగం తెలుపు పలక. మందు సీసా తీసుకుని మెల్లగా తిప్పి, నలుపు ముందు ఒకసారి, తెలుపు ముందు ఒకసారి చూడాలి. లోపల వెంట్రుకో నలుసో కనిపిస్తే పక్కన పడేయాలి. ఇదే నా పని. ఈ పనికి తీసుకునే ముందు కంపెనీ వాళ్ళు కళ్ళకు పరీక్ష చేయిస్తారు. డాక్టరు నా కళ్ళు చూసి "బాగానే ఉన్నాయి" అన్నాడు. ఆ మాట నాతో పాటు బస్సెక్కి ఇంటికి చేరేసరికి "ఇసొంటి కండ్లు నా సర్వీసుల చూడలే" అన్నంతగా ఎదిగింది. అమ్మ నమ్మింది. అమ్మ నమ్మితే చుట్టాలంతా నమ్మినట్టే. కళ్ళజోడు కొనుక్కోవాలన్నా, కళ్ళలో దుమ్ము పడ్డా నన్నే అడిగేవారు. (బియ్యంలో రాళ్ళేరే పని కూడా శాశ్వతంగా నాకే పడింది. గొప్పతనానికి ఆ మాత్రం ఖర్చు తప్పదు మరి.)

అలా నమ్మినవాళ్ళలో మా మేనమామ ఒకడు. సంగారెడ్డి దారిలో కంది అనే ఊరి అవతలి పల్లెలో ఆయనకు మక్కజొన్న చేను ఉంది. పిల్లలు లేరు. పదో తరగతి దాకా నన్ను పెంచింది ఆయనా, మా అత్తా. తాత కాలం నుంచి వస్తున్న లైసెన్సు తుపాకీ ఒకటి ఆయన దగ్గర ఉండేది. అడవి పందులు రాత్రికి రాత్రి చేలను దున్నిపోతుంటే ఊరివాళ్ళు అటవీ శాఖ అనుమతి తెచ్చి, వాటిని కొట్టే పని మామకు అప్పగించారు. కొట్టిన పందిని తినకూడదు, గొయ్యి తీసి పాతిపెట్టాలి. (ఈ షరతు చదివి వినిపించగానే సాయం వస్తామన్న వాళ్ళలో సగం మందికి వేరే పనులు గుర్తొచ్చాయి.) మామకు అదొక హోదా. ఊళ్ళో నడుస్తుంటే "పటేలా, ఇయ్యాల రాత్రి మా దిక్కు రారాదు" అని పిలిచేవాళ్ళు. అయితే ఆ పంటకు మామ ఒక్క పందిని కూడా కొట్టలేదు. ఒకనాడు గాలి ఎదురైందన్నాడు, ఒకనాడు తూటా తడిసిందన్నాడు, ఇంకోనాడు పందే తెలివి మీరిందన్నాడు.

ఒక ఆదివారం పొద్దున మామ పటాన్‌చెరులో నా గదికి వచ్చాడు. చెప్పకుండా రావడం ఆయన అలవాటు కాదు. బస్టాండు పక్క హోటల్లో నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, చాయ్ వచ్చాక, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అల్లుడా, ఒక ముచ్చట. మీ అత్తకు చెప్పొద్దు. పొద్దు గూకినంక జెర మసక మసక గొడ్తుందిరా."

"దవాఖానకు పోదాం మామా," అన్నాను.

"మీ అత్తకు తెలిస్తే గూడ గదే అంటది. పోతే డాక్టరు కండ్లు పోయినయని రాస్తడు. రాస్తే తుపాకి గుంజుకుంటరు. ఊరోళ్ళు ఇప్పటికే పట్నం నుంచి షూటర్ని పిలుద్దమంటున్రు. నా ఇజ్జత్ ఏం గావాలె?" అని ఆగి, "మసక వెలుతుర్ల గూడ మంచిగ కనవడే దుర్బీన్లు ఉంటయంట గద. నీకు కండ్ల సంగతి అంత ఎరికేనాయె. మంచిది చూసి తీస్కరా," అన్నాడు.

మామ నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. నా ఛాతీ ఇంత వెడల్పైంది. ఆ రాత్రి నుంచే ఫోన్లో వీడియోలు చూడడం మొదలుపెట్టాను. వేటగాడి టోపీ పెట్టుకున్న ఒకాయన హిందీలో గంట సేపు చెప్పాడు. నేను మొదటి ఐదు నిమిషాలూ చివరి రెండు నిమిషాలూ చూశాను. మధ్యలో లెక్కలున్నాయి, ముందుకు జరిపేశాను. (చాలా తర్వాత సిగ్గుపడుతూ ఆ వీడియో మొత్తం చూశాను. దుర్బీను ఎన్ని రెట్లు పెంచి చూపిస్తే ముందు గాజు అంత వెడల్పుగా ఉండాలట, లేకపోతే సందెవేళ వెలుతురు కంటికి చాలదట. వయసు మళ్ళిన కంట్లో పాప చీకట్లోనూ పూర్తిగా విచ్చుకోదట, కాబట్టి దుర్బీను కొనేముందు కళ్ళు చూపించుకోండి అని చేతులు జోడించి మరీ చెప్పాడు పాపం. నేను ముందుకు జరిపింది సరిగ్గా అక్కడే.) నాకు అర్థమైంది ఒక్కటే, పెద్ద నంబరుంటే పెద్దగా కనిపిస్తుంది.

ఆబిడ్స్‌లో ఒక పాత దుకాణానికి మిట్టమధ్యాహ్నం వెళ్ళాను. దుకాణదారు నాలుగు రకాలు ముందు పెట్టాడు. నేను వాటిలోంచి చూసి ఊరుకుంటే బాగుండేది. ఒక తెల్ల కాగితం, ఒక నల్ల గుడ్డ అడిగి తెప్పించుకున్నాను. ఒక్కొక్క దుర్బీనునూ ట్యూబ్‌లైటు కింద నెమ్మదిగా తిప్పుతూ నలుపు ముందు ఒకసారి, తెలుపు ముందు ఒకసారి పట్టి, గాజులో నలుసు ఉందేమోనని వెతికాను. దుకాణదారు కాసేపు నన్ను చూసి, కాసేపు తన కొడుకుని చూసి, మళ్ళీ నన్ను చూశాడు. "భాయ్, శామ్ దాక ఆగు, పొద్దు గూకనీ. బయట నిలవడి చూడు, అప్పుడు తీస్కో," అన్నాడు. "అవసరం లేదు, నేను ఈ లైన్లోనే ఉన్న," అన్నాను. ఒక్క నలుసు కూడా లేని దుర్బీను, అన్నిటికంటే పెద్ద నంబరున్నది, అరచేతిలో ఇమిడిపోయేంత ముద్దుగా ఉన్నది ఏరి తెచ్చాను. వీధి చివర ఆగిన ఆటో నంబరు దాంట్లో చిటికెలో చదివేశాను. ఆ ఎండలో నంబరు దుర్బీను లేకుండా కూడా కనిపించేదన్న సంగతి అప్పుడు తట్టలేదు.

మరుసటి శనివారం పొద్దు వాలేసరికి మామా నేనూ చేలో మంచె మీద ఉన్నాం. సన్నగా తుంపర పడుతోంది. దూరంగా కంది వైపు పెద్ద కాలేజీ గోడ వెనక దీపాలు వెలిగాయి. మామ ముందు తాను చూసి, "భలే ఉన్నదిరా," అని నాకు ఇచ్చాడు. నేను చూశాను. లోపల చిక్కటి చింతపండు పులుసు తప్ప ఏమీ లేదు. చేయి కొద్దిగా కదిలితే ఆ పులుసంతా ఊగుతోంది. అయినా "సూపర్ మామా," అన్నాను. ఇంతలో ఆ ఊగే చీకటిలో నల్లటి ముద్ద ఒకటి కదిలింది. వంగి, ఆగి, మళ్ళీ వంగి మా వైపే వస్తోంది. నా కళ్ళ గొప్పతనం మామకు కళ్ళారా చూపించే సమయం వచ్చిందనుకున్నాను.

"మామా, పంది! పెద్దది. తల కిందికి వెట్టి మక్కలు తింటున్నది."

"పందేనా? మంచిగ చూసినవా?"

"పక్కా."

మామ తుపాకీ తీసి భుజానికి ఆనించాడు. నేను ఆగలేకపోయాను. "కొట్టు మామా, జల్దీ! పోతది!" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఇది రాస్తున్న ఇప్పుడు కూడా ఇక్కడికి వచ్చేసరికి లేచి ఒకసారి బయట తిరిగొస్తున్నాను.

మామ చాలాసేపు అలాగే ఉండి తుపాకీ దించేశాడు. "నాకు కనవడ్తలేదురా. కనవడందాన్ని నేను కొట్ట."

"దుర్బీన్ల చూసినవు గద మామా?"

"అండ్ల గూడ ఏం కనవడలే. అంత పానం వెట్టి తెచ్చినవు, చెప్పబుద్ధి గాలే."

అప్పుడు పంది నిటారుగా లేచి నిలబడి, నెత్తిన గొంగడి సర్దుకుని, "ఏందయ్యా, చాయ్ సల్లగైతుంది. దిగుతరా, దిగరా?" అన్నది.

మా అత్త. తుంపరకు నల్ల గొంగడి కప్పుకుని, ఒక చేత్తో చాయ్ డబ్బా పట్టుకుని, దారిలో పందులు విరిచిపోయిన కంకులు ఏరుకుంటూ వచ్చింది. మామ మంచె మీదే కూలబడ్డాడు. కిందికి దిగాక ఆయన ఏమీ దాచలేదు. చిన్నపిల్లాడిలా మసక సంగతి, దుర్బీను సంగతి, నేను కొట్టమన్న సంగతి అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాడు. నేల చీలితే బాగుండునని చూశాను. తడి నేల, మెత్తగా ఉంది గానీ చీలలేదు. అత్త చాయ్ డబ్బా గట్టు మీద పెట్టింది. తర్వాత నా వైపు తిరిగి, "ఏంరా, చిన్నప్పుడు నీకు బువ్వ కలిపి తినవెట్టింది గీ పందేరా," అన్నది. అని నవ్వింది. నవ్వుతూనే గ్లాసులో చాయ్ పోయబోతే సగం బయట పడింది. నాకు ఏడుపొచ్చింది. ఆ చాయ్ నేను తాగలేకపోయాను.

అత్త నా ఫోను లాక్కుని లైటు వేసి మామ గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. "గీ కంట్ల తెల్లగున్నదేంది? నువ్వే చూడు, కండ్ల ఆఫీసరువి గద." చూశాను. కుడి కంట్లో పాల మీగడలా పొర ఉంది. ఎడమ కంట్లో అప్పుడే మొదలవుతోంది. ఆ రోజు హోటల్లో ఈ ముఖానికి మూరెడు దూరంలో కూర్చుని చాయ్ తాగాను. సీసాలో వెంట్రుక ముక్కను పట్టుకునేవాణ్ణి, ఆదివారం పొద్దున పట్టపగటి వెలుతురులో మామ కళ్ళలోకి చూడనే లేదు. నన్ను గొప్పవాడని అంటుంటే వినడంలో అంత తీరిక లేకుండా ఉన్నాను.

సంగారెడ్డిలో ఆపరేషన్ చేయించాం. తుపాకీ గుంజుకుంటారా అని మామ అడిగితే డాక్టరు నవ్వి, ముందు ఆ పొర తీయనీ పెద్దాయనా అన్నాడు. ఆ పంటకు ఊరివాళ్ళు పట్నం షూటర్నే పిలిచారు. ఇజ్జత్ ఇజ్జత్ అన్న మామే నల్లద్దాలు పెట్టుకుని అతని వెంట తిరిగి గట్లు చూపించాడు. మా అత్తకైతే అప్పటి నుంచి ఏ పెళ్ళికి వెళ్ళినా చెప్పడానికి ఒక కథ దొరికింది. "నన్ను పందన్నడు మా అల్లుడు" అని ఆమె మొదలుపెట్టగానే నేను వడ్డన వైపు జారుకుంటాను. జనం విరగబడి నవ్వుతారు. తుపాకీ భుజానికి ఎత్తిన సంగతి మాత్రం ఆమె ఎప్పుడూ చెప్పదు.

కట్టు విప్పిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. మామ ముందు కిటికీ వైపు చూశాడు, తర్వాత తన చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు, తర్వాత పక్కన నిలబడ్డ అత్త వైపు తిరిగి అలాగే ఉండిపోయాడు.

"ఏమే, నీ ఎంటికలు గిట్ల ఎప్పుడు తెల్లవడ్డయే?"

"నిన్ననే," అన్నది అత్త. అని ముఖం గోడ వైపు తిప్పుకుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆమె జుట్టు సగానికి పైగా నెరిసింది. నేనూ అప్పుడే చూశాను. నవ్వాలో ఏడవాలో తెలియక, ఎక్కడ చూడాలో తెలియక, ఎదురుగా గోడకున్న అక్షరాల పట్టికను పై వరుస నుంచి అట్టడుగు వరుస దాకా ఒక్క తప్పు లేకుండా గబగబా చదివేసిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నాకు కొంచెం నవ్వొస్తుంది, కొంచెం జాలేస్తుంది.